పోలిక వీధి

కుళాయికి కట్టిన పాత గుడ్డను ముసలమ్మ విప్పి పిండింది. నల్లటి జిగురు వేళ్ల సందుల్లోంచి సాగింది. మొదటి బిందె కాలువలో పారబోసి, రెండో బిందెలో ముక్కు పెట్టి చూసి, "ఇవాళ నయమే" అంది. నీళ్లను వాసన చూసి తాగే గతి చదివే మీకెన్నడైనా పట్టిందా? ఆ వీధికి రోజూ అదే గతి.

పక్కనే ప్రజారోగ్య శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ చిన్న సీసాలో ఆ నీళ్లే పట్టుకుంటోంది.

"మా మురికినీళ్లు మోసుకెళ్లి మోసుకెళ్లి పెద్ద ప్రొఫెసరమ్మవయ్యావు. ఇంకెంత పెద్దవ్వాలే తల్లీ?" అంది ముసలమ్మ. కుళాయి దగ్గరి ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ప్రొఫెసరూ నవ్వబోయింది. ముసలమ్మ భుజాన మనవరాలు వాడిన తోటకూర కాడలా వేలాడుతుంటే నవ్వడం మాని సీసాకు మూత బిగించింది.

ఆమె పరిశోధన తీరు ఇది. పై వీధికి కొత్త గొట్టం వేశారు, ముసలమ్మ ఉండే కింది వీధికి పాతదే ఉంచారు. ఎక్కడ ఎంతమంది పిల్లలు విరేచనాలతో పడకేస్తున్నారో పోల్చి చూడాలి. అప్పట్లో గొట్టాలు ఒక వీధికే వచ్చాయి గనక అందులో తప్పేమీ తోచలేదు. ఏది పోలిక వీధిగా మిగలాలో పటం మీద పెన్సిలు గీత గీసింది ఆమే.

ఆ మధ్యాహ్నం నీటి సరఫరా ఇంజనీరు ఫోన్ చేశాడు. "మేడం, కింది వీధికీ గొట్టాలొచ్చాయండీ. మీ పరిశోధన నడుస్తోంది కదా, మీ మాట కోసం ఆగాను. రేపు తవ్వించమంటారా?"

సంబరంగా వెళ్లి తమ సంస్థ డైరెక్టరుకు చెప్పింది.

ఆయన టీలో బిస్కెట్ ముంచుతూ, "అంత తొందరేంటమ్మా? వానాకాలం దాటనీ. విరేచనాలు జోరందుకునేది అప్పుడేగా! తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది" అన్నాడు.

"పిల్లల ప్రాణాలు పోతాయి సార్!"

"ఏళ్ల తరబడి తాగుతున్నారు, అలవాటు పడిపోయుంటార్లే. రెండు వీధులూ బాగుపడితే మనం దేన్తో పోలుస్తాం? అచ్చయ్యే పరిశోధన వ్యాసంలో మీ పేరే ముందు. నా తర్వాత ఈ కుర్చీ కూడా మీదే." నానిపోయి టీలో పడిన బిస్కెట్‌ను వేలితో తోడుకుని చప్పరించాడు.

పసిపిల్లల మలం సీసాలు ఇన్నేళ్లు చేత్తో పట్టుకున్నా పుట్టని రోత ఆమెకిప్పుడు పుట్టింది. అంతకంటే రోత పుట్టించిన సంగతి ఇంకొకటుంది. ఒక్క క్షణం ఆమె చూపు ఆ కుర్చీ మీదికి పోయింది.

అక్కడే నిలబడి ఇంజనీరుకు ఫోన్ చేసింది. "రేపటిదాకా ఎందుకండీ? ఇవాళే మొదలెట్టించండి."

డైరెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ల కష్టం బురదలో పోశారు. ఇక ఈ సంస్థలో మీకు పరిశోధన లేదు, వెళ్లండి."

"వెళ్తాను సార్" అందామె. "ఆ నీళ్లు విషమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన సంగతిని రుజువు చెయ్యడానికి పిల్లల చేత ఆ విషమే తాగిస్తూ కూర్చుంటే దాన్ని పరిశోధన అనరు. మన ఎదుగుదల కోసం జనాన్ని రోగంలో ఉంచే చదువు, ఆ మురికినీళ్లకంటే హీనం."