కాళ్ళ దగ్గరి కాగితాలు

కచేరీకి ముందురోజు భోజనాల బల్ల తుడిచి, పెద్ద పెద్ద కాగితాలు పరిచి, మొగుడి పాటలు లావు మార్కరుతో రాయడం ఆవిడ పని. వేదిక మీద ఆయన కాళ్ళ దగ్గర అతికించడమూ ఆవిడ పనే. మొదట్లో అక్షరాలు బొటనవేలంత ఉండేవి. తర్వాత అరచేయంత అయ్యాయి. ఇప్పుడు ఒక్క పాటకి ఆరు కాగితాలు పడుతున్నాయి. ఇంకో రెండేళ్ళు పోతే విమానంలో పోయేవాళ్ళు కూడా కిందికి చూసి పాట అందుకుంటారు.

కళ్ళజోడు పెట్టుకోవచ్చుగా అంటే ఆయన ఇంతెత్తున లేచేవాడు. "కళ్ళజోడు పెట్టుకుని రాక్ పాడమంటావా? బ్యాంకు గుమస్తాలా ఉంటానే!"

ఆయనకి అరవై ఏడేళ్ళు. అభిమానులు ముద్దుగా ఉరుము అంటారు. ఒకప్పుడు ఆయన గొంతెత్తితే మూడు వీధుల అవతల కిటికీ అద్దాలు పగిలేవట, అద్దాలు బిగించేవాడు ప్రతి కచేరీకీ వచ్చి ముందు వరసలో కూర్చుని మొక్కుకునేవాడట. ఇప్పుడు చప్పుడు చేసేవి మోకాళ్ళే. తోలు ప్యాంటు నడుము దగ్గర ఆవిడ మూడుసార్లు విప్పి కుట్టింది. నాలుగోసారి విప్పడానికి అందులో తోలు మిగల్లేదు.

ఇక మానేయాలా, పాడుతూనే ఉండాలా అని పత్రికల్లో ఒకటే చర్చ. ఇంట్లో అంతకు రెండింతలు.

"చాల్లే నాన్నా, పరువుండగానే దిగిపో" అంది కూతురు.

"అమ్మడూ, అన్న దిగిపోతే నేను డ్రమ్ములు బోర్లించి పూలమొక్కలు పెంచుకోవాలి" అన్నాడు ఆయన బృందంలోని డ్రమ్ములాయన.

"పాటగాడు మానడు. పాటే వాణ్ణి మానాలి" అన్నాడు ఉరుము. బాగుందనిపించి మళ్ళీ ఒకసారి అన్నాడు.

కప్పులు తీస్తున్న ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవిడ కప్పులు కడుగుతూ తనలో తనే లెక్క చూసుకుంది. ఒకప్పుడు ఆ బృందంలో బేస్ గిటార్ వాయించింది తనే. పాప పుట్టినప్పుడు ఆయన "ఆర్నెల్లు ఆగు" అన్నాడు. ఆ పాపే ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళది, నాన్నని దిగిపొమ్మంటోంది. ఏడాది గడిచాక ఒకసారి గిటారు దించబోతే అత్తగారు "ఇంట్లో ఒకరు మోగితే చాలమ్మా" అన్నారు. మోకాళ్ళు పట్టేసిన మగవాడు మానాలా వద్దా అని ఊరంతా తల పట్టుకుంటోంది. ఇరవై ఏడేళ్ళకి, వేళ్ళు చురుగ్గా ఉండగా తను మానితే ఒక్కరూ చర్చ పెట్టలేదు. అసలు మానేసిందని కూడా ఎవరూ అనలేదు, ఇంట్లో ఉంటోంది అన్నారు.

ఇంతకీ అసలు చిక్కు కిందటి నెల కచేరీలో వచ్చింది. పాత పాటల కాగితాలు పారేయడం ఇష్టంలేక ఆవిడ వాటి వెనక ఇంటి పనులు రాసుకునేది. ఆవిడ చూపూ అంతంతమాత్రమే కనక అక్షరాలు అంతే లావు. హడావుడిలో ఒక కాగితం తిరగేసి అంటించింది. ఆయన కాళ్ళ దగ్గర ఏముంటే అది పాడే మనిషి. ముప్పై ఏళ్ళుగా అలవాటైన నోరు, పాడేశాడు.

కుళాయి కారుతోంది, చెప్పాలి.
మోకాళ్ళ మందు అయిపోయింది, తేవాలి.
దుప్పట్లు నానబెట్టాను, పిండాలి.
నేనెప్పుడు కూర్చోవాలి?

జనంలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "నేనెప్పుడు కూర్చోవాలి" అని తొమ్మిదిసార్లు పాడించుకున్నారు.

మర్నాడు విలేకరి ఇంటికొస్తే ఆయన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "ఆ పాట నా లోపల్నుంచి తన్నుకొచ్చిందండీ. మనిషికి విశ్రాంతి లేదన్న వేదన." ఆవిడ కాఫీ అందించి లోపలికి వెళ్ళి, నానిన దుప్పట్లు పిండింది.

విలేకరి వెళ్ళాక ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఇలాంటివే ఇంకో నాలుగు రాసిపెట్టవే. పనుల చిట్టానేగా, నీకేం కష్టం?"

"సరే, రాస్తాను" అందావిడ.

ఆ మధ్యాహ్నం అటక మీంచి బేస్ గిటార్ దించింది. తీగలు తుప్పు పట్టాయి, కొత్తవి వేయించింది. ఆయన కునుకు తీసే గంటన్నరా రోజూ వాయించింది. మొదటి వారం వేళ్ళు బొబ్బలెక్కాయి. మూడో వారానికి గట్టిపడ్డాయి. డ్రమ్ములాయనకి మాత్రం ముందే చెప్పింది.

"వదినా, అన్న నన్ను చంపేస్తాడు!"

"చంపడు. కాగితంలో లేనిది చెయ్యడుగా."

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఆ పాట కోసం జనం ఈలలు వేశారు. ఆవిడ స్పీకర్ల వెనక గిటారు భుజాన వేసుకుని నిలబడింది. ఆయన మైకు పట్టుకుని, అలవాటు ప్రకారం కిందికి చూసి, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"ఈ పాట రాసింది నా భార్య. పాడేదీ ఆవిడే. నేను పక్కకి జరుగుతున్నాను."

తనేమన్నాడో చెవికెక్కేలోపే డ్రమ్ములు మొదలయ్యాయి. ఆవిడ వెలుగులోకి వచ్చింది. ఆయన నోరు తెరిచి ఆవిడ వంక చూశాడు, దిక్కుతోచక మళ్ళీ కిందికి చూశాడు. ఇంకొక్క కాగితం మిగిలుంది. దాన్నీ చదివేశాడు.

"ఆర్నెల్లయిపోయాయి."