బొంత కింద మందు

దెబ్బ సరిగ్గా పుండు మీద పడింది. గాడిద అరవలేదు. ముందుకాళ్ళు మడిచి, ఇటుకలతో సహా బట్టీ దారికి అడ్డంగా కూలబడింది. మేస్త్రి మళ్ళీ కర్ర ఎత్తాడు.

"లేపు దాన్ని! వెనకున్నవన్నీ ఆగిపోయాయి."

"లేవట్లేదయ్యా. వీపు మీద బొంత కింద కుళ్ళిపోయింది," అన్నాడు తోలేవాడు.

"మీ ఆవిడ ఉందిగా, పిలువు. మందు రాస్తే అదే లేస్తుంది."

తోలేవాడి భార్యను బట్టీలో అందరూ ఆకులక్క అంటారు. వేపాకూ పసుపూ నూరి కట్టిందంటే చీము ఆగుతుంది. పురుగు పట్టిన పుండులో సీతాఫలం ఆకు పసరు పిండితే పురుగులు బయటపడతాయి. ఈ వైద్యం తల్లి నేర్పింది. పుండు మానేదాకా బరువు వెయ్యకూడదనీ తల్లే చెప్పింది. ఆ మాట బట్టీలో చెల్లలేదు. పడుకున్న గాడిదకు మేత లేదు, తోలేవాడికి కూలి లేదు. అందుకని పొద్దున్నే మందు, మందు మీద బొంత, బొంత మీద ఇటుకలు. మందు జారకుండా బొంత పట్టీ ఇంకాస్త బిగించేది కూడా ఆకులక్కే. నొప్పి తగ్గిస్తున్నాననుకునేది, పిచ్చిది.

ఆమె మందు గిన్నెతో వచ్చింది. ఇటుకలు దింపించి, పట్టీ విప్పి బొంత లాగితే, నిన్నటి మందుతోపాటు తోలూ ఊడి వచ్చింది. కింద తెల్లగా ఎముక. ఆమె గిన్నె కింద పెట్టింది. ఇన్నాళ్ళూ తను చేసింది వైద్యం కాదు.

"చూస్తావేం? రాసి కట్టు," అన్నాడు మేస్త్రి.

"రాస్తాను. బొంత మాత్రం వెయ్యను."

"ఇటుకలు నీ నెత్తిన మోస్తావా?"

"నేనూ మొయ్యను, అదీ మొయ్యదు."

మొగుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అవసరమొస్తే గాడిద కాళ్ళైనా పట్టుకోమన్నారే. పని పోతే ఎక్కడికి పోతాం?"

"గాడిద కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. ఈయనవి పట్టుకోను."

కర్ర ఆమె భుజం మీద పడింది. రెండో దెబ్బకు మొగుడు అడ్డం వచ్చాడు. అది అతని మూతి పగలగొట్టింది. రక్తంతోపాటు పన్ను ఊడి దుమ్ములో పడింది. అతను ఇటుకల కుప్ప మీద ఒరిగిపోయాడు. మిగతా తోలేవాళ్ళు గుడ్లప్పగించి నిలబడ్డారు.

ఆకులక్క ఏడుస్తూనే గాడిద పుండుకు మందు పెట్టింది. దాని మీద ఏమీ కప్పలేదు. చీముతో బరువెక్కిన బొంతను ఈడ్చుకెళ్ళి బట్టీ మంటలోకి తోసింది. కాలిన వాసనకు అందరూ ముక్కు మూసుకున్నారు.

"దీని సంగతి తర్వాత చూస్తా. నువ్వు పద!" అని మేస్త్రి వెనక గాడిదను తోలేవాడి మీద విరుచుకుపడ్డాడు. ఆ గాడిద బొంత కింద నుంచీ చీము కారుతోంది.

వెనకవాడు ఆకులక్క వైపు చూశాడు. "అక్కా, నా దానికీ కాస్త..."

"బొంత తీస్తేనే రాస్తాను, తమ్ముడూ."

కర్ర అతని వైపు తిరిగింది. అతను పట్టీ ముడి మీద చెయ్యి వేశాడు. ముడి నెత్తురుతో బిగుసుకుపోయింది, వేళ్ళకు లొంగలేదు. మొదటి దెబ్బ వీపు మీద పడేటప్పటికి అతను వంగి, పళ్ళతో లాగుతున్నాడు.