పెద్దాయన్ని లేపిందెవరు

ఆ పుస్తకాల బైండింగు కొట్టుకి ఇద్దరు భాగస్వాములు. పెద్దాయన యూదుడు, రెండో ఆయన ప్రొటెస్టెంటు పాస్టరుగారి అబ్బాయి. ఇరవై ఏళ్లుగా ఒకే గిన్నెలో జిగురు వాడుకుంటున్నారు గానీ, తన మనసు మీద మనిషికి పెత్తనం ఉందా లేదా అన్న దగ్గర మాత్రం ఒక్కరోజూ పొసగలేదు. ఏ చుట్టరికమూ లేకపోయినా, పోట్లాటకి వీలుగా ఉంటుందని కాబోలు, ఒకళ్లనొకళ్లు బావా అని పిలుచుకుంటారు.

ఆ రోజు పెద్దాయనకి కుట్టు కుదరడం లేదు. కూతురు సాయంత్రం రైలుకి కాపురం ఎత్తేసి ఎక్కడో దూరానికి వెళ్లిపోతోంది. నాలుగేళ్ల కిందట ఆ పిల్ల తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని, "నాకు కూతురే లేదు" అని నలుగురిలో అనేశాడు. ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి దేవుడే ఇచ్చాడని వచ్చేపోయేవాళ్లందరికీ నూరిపోసే పెద్దమనిషి! కూతురు ఎంచుకునేసరికి ఒంటికాలి మీద లేచాడు.

"వెళ్లి క్షమించమని అడగరాదూ?" అన్నాడు పాస్టరుగారి అబ్బాయి.

"అడగొచ్చు. నా చేతిలో పనేగా. మనిషి ఎప్పుడు కావాలంటే అప్పుడు మారొచ్చు."

"నాలుగేళ్లుగా ఇదే మాట. నీ కాళ్లు లేవవు బావా. మావాళ్లు చెప్పేదీ అదే. మనిషి మనసు కట్టేసి ఉంటుంది, దేవుడు దయతలచి విప్పితే తప్ప కదల్లేదు. మా నాన్న ప్రసంగాలకి నీ అంత మంచి సాక్ష్యం దొరకలేదు, పాపం."

పెద్దాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. సూది అక్కడే గుచ్చేసి విసవిసా బయటపడ్డాడు.

"చూశావా, నా నోటితో నిన్ను లేపాడు దేవుడు!" అని వెనకనుంచి కేక.

"నా కాళ్ల మీద నేనే లేచాను!" అని అరుస్తూ మలుపు తిరిగాడు.

కూతురింటి మెట్లెక్కుతుంటే ఆ ఊపు కాస్తా నీరుగారింది. యూదుల మతంలో ఒక పద్ధతుంది. సాటి మనిషికి చేసిన తప్పుకి దేవుణ్ణి వేడుకుంటే చాలదు, ఆ మనిషినే అడగాలి. కాదంటే మళ్లీ అడగాలి. మూడుసార్లు మనస్ఫూర్తిగా అడిగినా వినకపోతే, అడిగినవాడి బాధ్యత తీరిపోయినట్టే.

కూతురు తలుపు తీసింది. వెనక గదినిండా తాళ్లు కట్టిన పెట్టెలు.

"తప్పు నాదేనమ్మా. క్షమించు."

"లేదు నాన్నా."

"నోరు జారలేదమ్మా. నిన్ను ఏడిపించాలనే అన్నాను. ఎవరూ నాచేత అనిపించలేదు. క్షమించు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "లేదు."

ఇంక ఒక్కసారే మిగిలింది. లేచొచ్చింది తనే, అడిగింది తనే, కానీ అవుననడం మాత్రం ఆ పిల్ల చేతిలో ఉంది. అంత భయం ఆయన జన్మలో ఎరగడు. గొంతు సవరించుకున్నాడు.

కూతురు చటుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మూడోసారి అడక్కు నాన్నా. అడిగావంటే నీ బాధ్యత తీరిపోతుంది, ఇంక రావు. నాకింకా కోపం పోలేదు. పోయేదాకా నువ్వు వస్తూ ఉండాలి."

"ఎన్నాళ్లమ్మా?"

"నా ఇష్టం," అని కొత్త ఇంటి చిరునామా రాసి ఇచ్చింది.