నలభై గ్లాసుల తీపి

నేను గేటులో అడుగుపెడితే చాలు, మేస్త్రీలు నీళ్ల గొట్టం దాచేస్తారు. "అదిగో, వచ్చింది మహాతల్లి!" అని ఎవడో ఒకడు గొణుగుతాడు. ఇరవై ఆరేళ్లుగా పెరూ రాజధాని లీమా కొండవాలు పేటల్లో కాంక్రీటు పరీక్షలు చేస్తున్నాను. నా సంచిలో ఇనుప కోను, పొడిచే కడ్డీ, టేపు, మూడు గుండ్రటి అచ్చులు ఉంటాయి. కోనులో కాంక్రీటు మూడు పొరలుగా నింపి, పొరకు ఇరవై అయిదు పోట్లు పొడిచి, కోనును నిటారుగా పైకి లాగితే లోపలి ముద్ద కాస్త కూలుతుంది. మూడు నాలుగు అంగుళాలు కూలితే మంచిది. ఏడు కూలిందంటే ఎవడో నీళ్లు కలిపాడన్నమాట. అప్పుడు నా నోరు లేస్తుంది. నోరు లేచిన చోట కంచం ఎవరు పెడతారు?

మా పేటల్లో స్లాబు పోత అంటే పండగే. చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి కాంక్రీటు డబ్బాలు భుజాలకెత్తుకుని పలకల మీదుగా పైకి మోస్తారు. ఇంటివాళ్లు పంది మాంసం, ఎండు బంగాళాదుంపలు వేసి గుండిగలతో కూర వండుతారు. ప్రతి స్లాబుకూ ఒక మద్రీనా ఉంటుంది, జ్ఞానతల్లి. మొదటి కలుపులో ఆమె ఒక గ్లాసు బీరు పోస్తుంది. భూమితల్లి తాగాకే మనుషులు తాగాలి. ఆ గ్లాసు పోసిన గడియ నుంచి ఆమె వాళ్లకు కొమాద్రె, సొంత చుట్టం. ఎప్పుడొచ్చినా కంచం పెట్టాల్సిందే.

ఇలాంటి పోతలు ఎన్ని వందలు చూశానో! అచ్చులు నింపుకుని, కూర వాసన పీల్చుకుని బస్సెక్కేదాన్ని. లేబ్ వెనక గదిలో ఒక్కదాన్నే బ్రెడ్డు, గుడ్డు తినేదాన్ని. ఎదురుగా నీళ్ల తొట్టిలో కాంక్రీటు దిమ్మలు నానుతుండేవి. వాటితో మాట్లాడతానని మా యజమాని నవ్వుతాడు. మాట్లాడితే ఏం పోయింది? అవి ఎదురు చెప్పవు కదా.

ఆగస్టులో, ఆకాశం పొద్దస్తమానం బూడిదరంగులో ఉండే రోజుల్లో, ఎవుదోసియా వచ్చింది. కొండమీద పేటలో ఆడవాళ్లంతా కలిసి నడిపే ఉమ్మడి వంటిల్లుకు ఆవిడే పెద్ద. రోజూ నూట ఇరవై మందికి వండుతారు, రేకుల కింద. గట్టి స్లాబు వేసి, దానికి లేబ్ కాగితం చూపిస్తేనే వంటిల్లు నడపనిస్తామని పురపాలకం వాళ్లు తెగేసి చెప్పారట.

"కాగితానికి వచ్చావన్నమాట," అన్నాను.

"కాగితానికీ వచ్చాను. ఇంకోదానికీ వచ్చాను," అంది ఆవిడ, కూర్చోకుండానే. "మా స్లాబుకు మద్రీనాగా ఉంటారా ఇంజనీరమ్మా?"

నేను ఇంజనీర్ని కాను. ఆ పిలుపు మర్యాదకు మర్యాద, దూరానికి దూరం.

"నన్నా? నీకేమైనా మతి పోయిందా? నా నోటికి భయపడి కుక్కలు కూడా నా వీధిలోకి రావు."

"అందుకే అడుగుతున్నా. మొహమాటం లేని మనిషి పోస్తే కప్పు గట్టిగా ఉంటుందని మా వాళ్ల నమ్మకం."

ఆవిడ వెళ్లాక తొట్టి దగ్గర నిలబడి ఏడ్చాను. ఇందులో దాచుకోవడానికేముంది, ఏడ్చాను.

ఆదివారం పోత. నా జన్మలో బీరు కొన్నదాన్ని కాదు. సిగ్గేసి, మా అమ్మ చేసినట్టు ఊదా మొక్కజొన్నతో చిచ్చా పానకం కాచాను. అనాసపండు తొక్కలు, లవంగాలు, దాల్చినచెక్క వేసి, పంచదార దండిగా పోసి, పెద్ద గుండిగెడు కాచి టాక్సీలో తీసుకెళ్లాను.

మేస్త్రీ సెనోబియో నన్ను చూసి టోపీ తీశాడు. "ఏంటమ్మోయ్, ఇవాళ పోలీసు పనికా, పెళ్లి పనికా?"

"రెండింటికీ. నీళ్ల గొట్టం ఎక్కడ దాచావో ముందు చూపించు."

అందరూ నవ్వారు. నన్ను చూసి కాదు, నాతో కలిసి. ఆ తేడా తెలియడానికి నాకు యాభై తొమ్మిదేళ్లు పట్టింది.

మిక్సరు తిరుగుతుంటే మొదటి గ్లాసు చిచ్చా పోశాను. "కొమాద్రె ఆర్మిదా!" అని ఎవుదోసియా అరిచింది. పేటంతా అందుకుంది. రెండో కలుపుకు పిల్లలు, "కొమాద్రె, ఇంకోటి!" అన్నారు. పోశాను. మూడోదానికీ పోశాను. బస్తాకొక కలుపు, మొత్తం నలభై కలుపులు. మొదటి గ్లాసు ఆచారం. తక్కిన ముప్పై తొమ్మిదీ నా సంతోషం.

కోను పెట్టి చూస్తే మూడున్నర అంగుళాలు. మధ్యాహ్నం మళ్లీ చూశాను, నాలుగు. ముద్ద వెన్నలా జారుతోంది, ఎవరూ నీళ్లు అడగలేదు. "చూశావా, నేనుంటే పని ఎలా సాగుతుందో!" అని సెనోబియో దగ్గర గొప్పలు పోయాను. మూడు అచ్చులు నింపాను. రెండుసార్లు వడ్డించుకుని కూర తిన్నాను. సాయంత్రమైనా స్లాబు గట్టిపడలేదని సెనోబియో తల గోక్కున్నాడు. "చలికాలం కదయ్యా," అన్నాను, నాకే తెలిసినట్టు.

మర్నాడు అచ్చు విప్పితే దిమ్మ అంచు నా వేళ్లకు పొడిపొడిగా రాలింది.

అప్పుడు తెలిసింది. పంచదార! కాంక్రీటులో పిడికెడు పంచదార పడితే సిమెంటు నిద్రపోతుంది. కొన్నాళ్లకు లేస్తే లేస్తుంది, మోతాదు మించితే ఎప్పటికీ లేవదు. ఒకసారి తీపి సోడా ఒలకబోసుకున్న పాపానికి ఒక కూలీని నేను ఊరంతా వినేలా తిట్టాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డదంటే ఇదే.

ఏడో రోజున మొదటి దిమ్మను యంత్రంలో పెట్టాను. చదరపు సెంటీమీటరుకు నూట నలభై కిలోలైనా మోయాలి. అరవై రెండు దగ్గర పుటుక్కున పగిలింది. అరవై రెండు అనే రాశాను. అంకె మార్చడం నాకు చేతకాదు.

పురపాలకం వాడు చూసి, "ఇరవై ఎనిమిదో రోజున రెండు వందల పది రావాలి. రాకపోతే స్లాబు కొట్టేయాలి, వంటిల్లు మూసేయాలి," అని వంటింటి తలుపుకు ఎర్ర కాగితం అంటించాడు.

ఆ సాయంత్రమే ఎవుదోసియా పరుగున వచ్చింది. "కొమాద్రె, నిజం చెప్పు. సెనోబియో సిమెంటు తినేశాడా? బస్తాలు అమ్ముకున్నాడని అందరూ అంటున్నారు."

నోరు తెరిచాను. కొమాద్రె అన్న ఆ పిలుపు పోతుందేమోనని భయమేసింది. "చూద్దాం," అన్నాను. అంతే అన్నాను. నా నోరు! మంత్రి వచ్చినా ఆగని నా నోరు!

రెండు వారాలు తేలు కుట్టిన దొంగలా గడిపాను. తొట్టిలో మా దిమ్మలు రెండు మిగిలాయి. వాటి పక్కనే వేరే వంతెన పని తాలూకు దిమ్మలున్నాయి, అదే కొలత, రాయిలాంటివి. మైనపు కడ్డీతో మీద రాసిన గుర్తు చెరిపి ఇంకోటి రాయడం అరనిమిషం పని. ఎన్ని లేబ్‌లలో జరగడం లేదు! ఒకరోజు గుర్తు చెరపడానికి గుడ్డ కూడా తడిపాను. కానీ కాగితం గట్టిదై స్లాబు మెత్తదైతే, దాని కింద గిన్నెలు పట్టుకుని నిలబడేది నూట ఇరవై మంది. గుడ్డ పిండి ఆరేశాను.

ఇరవయ్యో రోజున బజారులో సెనోబియో కనిపించాడు. ఒప్పుకున్న రెండు స్లాబులూ ఎవరో వెనక్కి తీసుకున్నారట. "దొంగ అన్నారమ్మా," అన్నాడు. "ముప్పై ఏళ్లలో తాగుబోతు అన్నారు, సోమరి అన్నారు, పడ్డాను. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు." నా మొహంలోకి చూస్తూ ఆగాడు. లెక్క చెప్పే మనిషిని నేనే కదా, ఏమైనా చెబుతానని.

ఇక ఉండబట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం కొండెక్కాను. వీధిలో కట్టెల పొయ్యి పెట్టి వండుతున్నారు, జనం గిన్నెలతో వరసలో ఉన్నారు. అక్కడే నిలబడి అరిచి చెప్పాను.

"సెనోబియో గింజంత సిమెంటు తినలేదు. తప్పు నాది. నేను పోసిన చిచ్చాలో పంచదార ఉంది. పంచదార పడితే కాంక్రీటు గట్టిపడదు. అది నాకు తెలుసు. తెలిసీ మరిచిపోయాను. తర్వాత రెండు వారాలు తెలిసీ నోరు మూసుకున్నాను."

గరిటె చప్పుడు ఆగింది. ఒక ముసలావిడ, "తెలియనివాళ్లు చేస్తే సరే, తెలిసినదానివి నీకేం రోగం తల్లీ?" అంది. ఏమని చెప్పను, మీరు పిలిచారు, నాకు ఒళ్లు తెలియలేదు అనా?

ఎవుదోసియా చేతులు తుడుచుకుంది. "మొదటిసారి అడిగినప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది," అంది. గొంతు పెంచలేదు. "మీరు వెళ్లండి ఇంజనీరమ్మా."

ఇంజనీరమ్మా. పోయింది. నాకు దక్కిన ఒక్క చుట్టరికం మూడు వారాలు నిలిచింది.

తర్వాతి వారం నేను తొట్టి దగ్గరే పడుకున్నానంటే నమ్మండి. "లేవండ్రా, లేవండి," అని ఆ దిమ్మలను బతిమాలాను. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే గంధకం కరిగించి వాటి రెండు కొసలూ చదును చేశాను. తొందరలో చెయ్యి కాస్త కాల్చుకున్నాను. మీట నొక్కాను. ముల్లు వంద దాటింది. నూట యాభై దాటింది. రెండు వందల దగ్గర కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు. చివరికి టప్పున పేలింది. కళ్లు తెరిచి చూస్తే రెండు వందల ముప్పై నాలుగు. రెండోది రెండు వందల ఇరవై తొమ్మిది. ఆలస్యంగా లేచిన సిమెంటు మామూలు దానికంటే గట్టిగా లేచింది.

ఆ గదిలో ఒక్కదాన్నే "అమ్మా!" అని అరిచాను. వినడానికి ఎవరూ లేరు.

కాగితం పట్టుకుని కొండెక్కాను. ఎవుదోసియా చదివింది, రెండుసార్లు చదివింది. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎవరో సెనోబియోను భుజాన ఎత్తుకున్నారు. ఎర్ర కాగితం చింపి పొయ్యిలో పడేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తిట్టలేదు కూడా.

పైన నెర్రెలేమైనా ఉన్నాయేమో చూడాలి కదా, అది కూడా నా పనే. చిన్న సుత్తి పట్టుకుని నిచ్చెనెక్కాను. ఎక్కడ కొట్టినా గంటలా మోగింది. ఓ మూలన కొత్త నీళ్ల డ్రమ్ము పెట్టి ఉంది, ఇంకా ఖాళీదే. దాని అడుగు నుంచి ఏవో గీతలు బయటికొచ్చి కనబడ్డాయి. వంగి, డ్రమ్మును కాస్త జరిపాను.

'మా కొమాద్రె ఆర్మిదా' అని ఉంది. పోత రోజు సాయంత్రం, నేను బస్సెక్కిన తర్వాత, ఇంకా మెత్తగా ఉన్న కాంక్రీటులో చెంచా కాడతో రాసిన అక్షరాలు. చుట్టూ పిల్లల అరచేతుల అచ్చులున్నాయి.

వెనక నిచ్చెన కిర్రుమంది. ఎవుదోసియా. డ్రమ్మునూ నన్నూ చూసి శాలువా సర్దుకుంది.

"ఆ రోజు నేనే రాశాను," అంది. "మొన్న చెక్కించేద్దామనుకున్నా. సెనోబియో ఉలి తెచ్చాడు. దిగలేదు. అందుకని డ్రమ్ము పెట్టించాను."

నేను డ్రమ్ము అంచు పట్టుకునే నిలబడ్డాను.

"ఇది పోవాలంటే ఏం చెయ్యాలి ఇంజనీరమ్మా?"

"రెండు వందల ముప్పై నాలుగు కిలోలు," అన్నాను. "పోవాలంటే కప్పు పగలగొట్టాలి."

ఆవిడ ఆ అక్షరాల వంక చూసింది. కింద గరిటెలు మోగుతున్నాయి, అన్నం ఉడికిన వాసన పైకి వస్తోంది.

"అయితే ఉండనీ," అని నిచ్చెన దిగిపోయింది.

భోంచేసి వెళ్లమని మాత్రం అనలేదు. నేను డ్రమ్మును ఉన్నచోటికి జరిపి, సుత్తి సంచిలో వేసుకుని, బస్సుకు వెళ్లాను.