అనుమతి ఉన్న చెంపదెబ్బ

బజార్లో తరిగిన ఆకుకూర దొరుకుతుంది. వేయించింది కూడా దొరుకుతుంది. కానీ ప్యాకెట్టు ఆకుతో వండిన గోర్మే సబ్జీ కూర మా అత్తగారు ఇజ్జత్ ఖానుంకి గొంతు దిగదు. అందుకని షూటింగు కారు వచ్చేలోపు మెంతికూర, కొత్తిమీర, ఉల్లికాడలు నేనే కడిగి, నేనే తరిగి, నేనే వేయిస్తున్నాను. అదే కారెక్కాల్సిన మా ఆయన బెహరంగ్ తీరిగ్గా టీ తాగుతున్నాడు. "వాణ్ణి ఇంకాసేపు పడుకోనివ్వకపోయావా మందానా! మొహం పీక్కుపోయింది. కెమెరా ముందు నిలబడాల్సినవాడు," అంది ఆవిడ. నేనూ ఆ కెమెరా ముందే నిలబడాలి. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. వేళ్లకి పట్టిన పసరు వదలక తోముకుంటుంటే బెహరంగ్ వెనకనుంచి అన్నాడు.

"నాటకానికి ఒప్పుకున్నావట. నాకు చెప్పలేదే?"

"చెప్దామనే అనుకున్నా."

"అందులో నేను లేను కదా."

"లేవు," అన్నాను. అతను చక్కెర బిళ్ల పళ్లమధ్య పెట్టుకుని టీ తాగాడు. టెహ్రాన్ ట్రాఫిక్‌లో సెట్‌కి చేరేదాకా తన డైలాగులు చదువుకుంటూ కూర్చున్నాడు.

మా టెలివిజన్‌లో పరాయి మగవాడు పరాయి ఆడదాన్ని తాకకూడదు, నటన అయినా సరే. కొడుకు సైన్యం నుంచి తిరిగొస్తే తెరమీద తల్లి వాడి సంచిని కావలించుకుని ఏడుస్తుంది. భార్య నొప్పులు పడుతుంటే మొగుడు మంచం కోడు పట్టుకుని నిలబడతాడు. కాబట్టి ఎక్కడైనా చెయ్యి పట్టుకోవాల్సిన సీను పడిందంటే దర్శకులకి నిజం మొగుడూ పెళ్లాలు కావాలి. నాకొచ్చిన పిలుపులన్నీ అలా వచ్చినవే. యాక్టింగ్ స్కూల్లో క్లాసుకి ఫస్టు నేను. అదే క్లాసులో బెహరంగ్ తప్పి మళ్లీ చదివాడు. ఇప్పుడు హీరో అతను. నేను, హీరో ముట్టుకోవడానికి వీలున్న ఆడదాన్ని. అతనికి గుండెపోటు వస్తే భుజం పట్టి లేపాలి, గాయమైతే కట్టు కట్టాలి, అంతే నా నటన. "నీకొచ్చేవన్నీ నా పక్కన వేషాలే, అదృష్టవంతురాలివి," అంటాడు విందుల్లో. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా. ఇన్నేళ్లలో మొదటిసారి అతను లేని వేషానికి నన్ను అడిగారు. స్టేజీ మీద తెర లేచినప్పటి నుంచి పడేదాకా నేనుండే వేషం. ఒప్పుకునేముందు అతని అనుమతి అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు గనకే అడగలేదు.

ఆరోజు సీనులో మొగుడు పెళ్లాన్ని చెంపమీద కొడతాడు. మామూలుగా అయితే చెయ్యి లేస్తుంది, తర్వాత కింద పడి పగిలిన గ్లాసు కనిపిస్తుంది. దర్శకుడు కామ్‌రవాకి ఈసారి అది ఆనలేదు. "నిజం మొగుడూ పెళ్లాల్ని పెట్టుకుని ఇంకా గ్లాసులు పగలగొట్టుకుంటూ కూర్చోవాలా?" అన్నాడు. అన్నీ పద్ధతిగా ఉన్నాయో లేదో చూడటానికి ఛానెల్ పంపిన, అందరూ హాజ్ ఆఘా అని పిలిచే పెద్దమనిషి సబూరి కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతూ ఆలోచించాడు. "పెళ్లామే కదా. అభ్యంతరం లేదు," అన్నాడు. నాకేమైనా అభ్యంతరముందా అని ఎవరూ అడగలేదు. రిహార్సల్‌లో బెహరంగ్ చెయ్యి నా చెంపకి బెత్తెడు దూరంలో ఆగింది, నేను తల విసురుగా తిప్పాను. ఇద్దరం స్కూల్లో నేర్చుకున్నదే. టేకులో ఆ చెయ్యి ఆగలేదు.

చెవిలో హోరు తగ్గకముందే కామ్‌రవా చప్పట్లు వినిపించాయి. "ఆహా! ఆ కళ్లలో బిత్తరపాటు చూశారా? అది నటిస్తే వచ్చేది కాదు!"

నటిస్తే రాదట. ఆ బిత్తరపాటు నేను పద్దెనిమిదేళ్ల వయసులో స్కూలు స్టేజీ మీద, ఎవరి చెయ్యీ తగలకుండా చేసి చూపించాను. మా మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అది చెయ్యగలనా అని ఇక్కడ ఒక్కడూ అడగడు, కొట్టి తీసుకుంటారు. పైగా మెచ్చుకోవడం కూడా కొట్టినవాణ్ణే. బెహరంగ్ తల వంచుకుని, "పాత్రలోకి వెళ్లిపోయానండీ, చెయ్యి ఆగలేదు," అంటున్నాడు వినయంగా.

"కుదరదు," అన్నాడు సబూరి. ఆపేస్తాడనుకున్నాను. "ఖానుం స్కార్ఫు జారింది. చెవి పక్కన వెంట్రుకలు కనబడుతున్నాయి. ఇంకోసారి తియ్యండి."

దెబ్బకి జారిన స్కార్ఫు అది! అది జారినందుకు మళ్లీ దెబ్బ. ఈసారి పిన్నులు గట్టిగా గుచ్చారు. ఈసారీ చెయ్యి ఆగలేదు. తర్వాత లైటు మెరిసిందన్నారు, మళ్లీ కొట్టాడు. మేకప్ చేసే నస్తరన్ నా చెంపమీద తేలిన వేళ్ల గుర్తులకి మందంగా రంగు పూసింది. కథ ప్రకారం అతను నన్నింకా కొట్టలేదు మరి.

"ఇంట్లో కూడానా అక్కా?" అంది నెమ్మదిగా.

"లేదే. ఇంట్లో ఇంతవరకూ అవసరం పడలేదు," అన్నాను. అని, నా మాటకి నేనే భయపడ్డాను.

కామ్‌రవా దగ్గరికి వెళ్లి దెబ్బ నిజంగా తగులుతోందని చెప్పాను. "ఇంకొక్కటే, మందానా ఖానుం. కొట్టేది సొంత మొగుడేగా, పరాయివాడా ఏమన్నా?" అన్నాడు. కుర్రాళ్లు ఇకిలించారు.

మార్కు దగ్గర నిలబడ్డాక బెహరంగ్ నా స్కార్ఫు అంచు సర్దాడు. చూసేవాళ్లకి ఎంత ప్రేమో అనిపించేలా. "నాటకంవాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పు, అజీజం, నా బంగారం," అన్నాడు గుసగుసగా. "చెప్తానను. ఇదే ఆఖరి టేకు అయిపోతుంది."

అప్పుడు నాకు కోపం ఎంత వచ్చిందంటే భయం పూర్తిగా పోయింది. ఇతనికి నామీద ఉన్న హక్కల్లా ఒక్కటే, అందరూ ఒప్పుకున్న హక్కు. దాన్ని తీసేస్తే ఇతను ఈ గదిలో మిగతా మగవాళ్లలో ఒకడు.

"హాజ్ ఆఘా," అని పిలిచాను, నాటకశాలలో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడే గొంతుతో. "మా ఇద్దరికీ విడాకులయ్యాయి. మళ్లీ కలవడానికిచ్చే గడువు కూడా దాటిపోయింది. సీరియల్ చేజారుతుందని దాచాం. ఈయన నాకు పరాయివాడు. ఈ పాపం మీకు అంటుకోకూడదని చెప్తున్నా."

జపమాల ఆగింది.

"అబద్ధం! దీనికి మతి పోయింది!" అంటూ బెహరంగ్ నా మోచెయ్యి అందుకోబోయాడు.

"చెయ్యి తియ్యవయ్యా!" సబూరి కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఆవిడమీద వేలు పడ్డానికి వీల్లేదు! కెమెరా ఆపండి!"

"అది నా పెళ్లాం!"

"కాగితాలు తెచ్చి చూపించు. అప్పటిదాకా దూరంగా నిలబడు."

రేపు కాగితాలు తెస్తాడు, నేను అబద్ధమాడానని తేలుతుంది. ఈ సీరియల్ పోతుంది. ఏ ఛానెలూ మళ్లీ పిలవకపోవచ్చు. పిలవకపోతే పోనీ. సాయంత్రం నాటకం రిహార్సల్‌కి వెళతాను, ఆ తర్వాత ఈ అబద్ధాన్ని నిజం చేసే వకీలు కోసం వెతుక్కుంటాను. బెహరంగ్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో అతనికి తెలియడం లేదు. పొద్దుటినుంచి అంతమంది చూస్తూనే ఉన్నారు. నామీద చెయ్యి వెయ్యొద్దని వాళ్లలో ఒక్కడు అనడానికి, నేను అతనికి ఏమీ కాకుండా పోవాల్సి వచ్చింది.