ఎర్రచుక్క తూటాలు

కోతలు కోయడంలో డెల్మర్ హ్రుష్కాని మించినవాడు నెబ్రాస్కా మొత్తంలో లేడు. ఒక ఏడు ఎదురుగాలి ఎంత బలంగా వీచిందంటే, తాను పేల్చిన సీసపు గుళ్లన్నీ తిరిగొచ్చి తూటాలోనే కూర్చున్నాయనీ, మళ్లీ నింపుకునే పని తప్పిందనీ చెప్పేవాడు. తూటాలు నింపే బల్ల దగ్గర మాత్రం వేళాకోళం లేదు. మందు, దానిపైన కూరే బిరడా, గుళ్లు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, అన్నీ కొలతల పుస్తకంలో రాసినట్టే ఉండాలి. "ప్రైమర్ మారిస్తే కొలతంతా మళ్లీ చూడాల్సిందే" అని తుపాకి క్లబ్బులో అందరి బుర్రలూ తినేవాడు.

పాత స్నేహితుడు ఎమిల్ వాన్యెక్ వేళ్లు కీళ్లనొప్పులతో వంకర్లు తిరిగాక అతని తూటాలూ డెల్మరే నింపుతున్నాడు.

ఈ చలికాలం వాళ్లు వాడే ప్రైమర్లు ఎక్కడా దొరకలేదు. దొరికిన వేరే రకానికి నిప్పు మెతక. ఆ మందుతో దాని జోడీ పుస్తకంలో లేనే లేదు. పాతవి ఇంకా మూడు వందలున్నాయి. డెల్మర్ కాసేపు గడ్డం గోక్కుని, పాతవి తన తూటాలకు పెట్టుకున్నాడు. కొత్తవి, కొలత మార్చకుండానే, ఎమిల్‌వాటికి బిగించాడు. పొరపాటున తన సంచిలోకి రాకుండా, భార్య గోళ్లరంగు తెచ్చి వాటి అడుగున ఎర్రచుక్క పెట్టాడు.

ఆ ఆదివారం మంచులో, గాల్లోకి ఎగరేసిన ఇరవై ఐదు మట్టి పళ్లేల్లో ఎప్పుడూ ఇరవై మూడుకు తగ్గని ఎమిల్ పధ్నాలుగే పగలగొట్టాడు. ధన్‌మనాల్సిన తుపాకి ఠుస్సుమంది. ఎమిల్‌కి వినికిడి ఏనాడో పోయింది. మిగతావాళ్ల చెవులకు చప్పుడు ఆపే డిప్పలున్నాయి. డెల్మర్‌కి మాత్రం డిప్పల్లోంచి కూడా వినబడింది. దానికోసమే చెవి పెట్టుకుని ఉన్నాడు మరి. బిరడా ఇరుక్కుంటే తర్వాతి దెబ్బకి గొట్టమే పేలుతుందని, డెల్మర్ ప్రతిసారీ ఎమిల్ తుపాకి గొట్టంలోకి తొంగిచూశాడు. పైకి మాత్రం, "మావాడు పళ్లేల్ని కొట్టడం మానేశాడర్రా, బెదిరించి పంపేస్తున్నాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎమిల్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

తర్వాతి రెండు ఆదివారాలూ అదే తంతు. ఎమిల్ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి సీసా అడుగులాంటి అద్దాలు తెచ్చుకున్నాడు. అవి పెట్టుకుంటే పదమూడుకు దిగింది.

శనివారం పొద్దున ఎమిల్, వాళ్ల నాన్న వాడిన జోడుగొట్టాల తుపాకిని దుప్పట్లో చుట్టుకుని, గసగసాలు పెట్టిన కొలాచీ రొట్టెల పొట్లం పట్టుకుని డెల్మర్ తూటాల బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంట్రా, తుపాకికి చలేస్తోందా?"

"ఇది నీకే. ఉంచుకో."

"మతి పోయిందా?"

"పోయింది కళ్లురా. గురి లేనివాడికి ఇదెందుకు? ఇన్నేళ్లు నా తూటాలు నింపావు. కలిసిపోకుండా ఒక్కోదానికీ చుక్క కూడా పెట్టావు. సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడని మా ఆవిడతో అన్నాను."

డెల్మర్ కొరికిన కొలాచీని తిరిగి పొట్లంలో పెట్టేశాడు. ఎప్పుడూ నాలుక చివరుండే కోతల్లో ఒక్కటీ ఆదుకోలేదు.

"ఆ చుక్కలు నీకోసం కాదురా. అవి నా సంచిలోకి రాకూడదని పెట్టాను." మొత్తం చెప్పేశాడు.

ఎమిల్ బల్లమీదున్న చుక్కలేని తూటా ఒకటి తీసి చూశాడు. "అంటే నీ దగ్గర మంచివి ఉన్నాయి."

"ఉన్నాయి."

"నేను డాక్టరు ముందు అక్షరాలు కూడబలుక్కుంటున్నప్పుడూ ఉన్నాయి."

"అప్పుడూ ఉన్నాయి."

ఎమిల్ తుపాకిని మళ్లీ దుప్పట్లో చుట్టాడు. కొలాచీల పొట్లం కూడా తీసేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "రేపు నీవి నాకు. చుక్కలవి నీకు. ఎందుకు తప్పుతున్నాయో ఎవరికైనా చెప్పావంటే చూడు."

మర్నాడు ఎమిల్ అద్దాలు జేబులో పెట్టుకుని ఇరవై రెండు కొట్టాడు. డెల్మర్, దెబ్బదెబ్బకీ తన గొట్టంలోకి తొంగిచూసుకుంటూ, పదకొండు.

"ఏం డెల్మర్, నువ్వు కూడా బెదిరిస్తున్నావా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. గట్టి కోత ఒకటి పడుతుందని అందరూ అతనికేసి తిరిగారు. డెల్మర్ ఎమిల్ వైపు చూశాడు. ఎమిల్ అద్దాలు తుడుచుకుంటున్నాడు.

డెల్మర్ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

"చుక్కలవి ఇంకెన్ని ఉన్నాయిరా?" అన్నాడు ఎమిల్ నెమ్మదిగా.

"రెండు వందలు."

"అయితే మార్చి దాకా వస్తాయి."