సున్న కొట్టినా మూడే

తాండూరులో మహేందర్ పటేలుది కందిపప్పు మిల్లు. బస్తా కాంటా మీదికెక్కగానే కంప్యూటర్‌లో 'మట్టి ఎంత' అని గడి తెరుచుకుంటుంది. జల్లెడ పట్టి అందులో అంకె కొట్టాలి. ఖాళీగా వదిలితే ప్రోగ్రాము తనంతట తానే బస్తా తూకంలోంచి మూడు కిలోలు కోసేస్తుంది. గుమస్తా నర్సప్ప జల్లెడ ముట్టేవాడే కాదు. పటేలు చుట్టాలకు సున్న కొట్టేవాడు, మిగతావాళ్లకు ఖాళీ వదిలేవాడు.

నిరుడు యాలాల్ నుంచి కందులు తెచ్చిన గొర్లకాపరి అంజిలయ్య, "జర జల్లెడ పట్టుండ్రి పటేలా, మా ఇంటిది రెండుమాట్ల చెరిగింది" అన్నాడు.

మహేందర్ దోసెడు కందులు తీసి గడప ముందు చల్లాడు. "గొర్లోని కందులల్ల మట్టి లేకుంటే పెంటికలుంటయ్. ఏరుకో!"

అందరూ నవ్వారు. అంజిలయ్య వంగి గింజ గింజా ఏరుకున్నాడు. పక్కనే ఉన్న కూతురు నాగరాణి పళ్లు బిగబట్టి చూసింది.

నాగరాణి వికారాబాద్‌లో ప్రోగ్రాములు రాస్తుంది. ఈ ఏడు మిల్లు కాంటా ప్రోగ్రామును కొత్తగా రాసే పని ఆమె ఆఫీసుకే వచ్చింది. పటేలుకు ఆమె ముఖం గుర్తులేదు. 'గడిలో అంకె కొట్టకపోతే మూడు' అనే వరుసను ఆమె కొద్దిగా మార్చింది. ఇప్పుడు కంప్యూటర్ సున్నను కూడా ఖాళీ కిందే జమకడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలియక చేసే తప్పది. ఆమె తెలిసే చేసింది.

సీజను మొదటిరోజే పటేలు బామ్మర్ది మహిధర్ ట్రాక్టరు వచ్చింది. నర్సప్ప సున్న కొట్టాడు. బస్తాకు మూడు కిలోలు పోయాయి.

"ఏంది బావా, నాకే కోస్తున్నవా?"

"సున్ననే కొట్టిన పటేలా, నా తప్పేం లేదు!" నర్సప్ప తెరమీది సున్నను చూపించాడు.

మహేందర్ ఆఫీసుకు ఫోను చేస్తే నాగరాణి రైలెక్కి వచ్చింది. అప్పటికి కాంటా ముందు రైతుల వరుసలో తండ్రి కూడా ఉన్నాడు.

"సున్న అని ఎవలు కొలిచిండ్రు పటేలా? జల్లెడ పట్టుండ్రి. సున్న వస్తే ఇప్పుడే సరిజేస్త" అంది నాగరాణి.

"పట్టుండ్రి! నాయి బంగారమసుంటి కందులు" అని ఎగిరాడు మహిధర్.

పట్టారు. జల్లెడ కింద మట్టి కుప్పపడింది. తూస్తే ఒక్క బస్తాకే అయిదు కిలోలు.

"మూడే కోసింది, మిషను మంచిది పటేలా!" వరుసలోంచి ఎవరో అన్నారు. నిరుడు నవ్వినవాళ్లే మళ్లీ నవ్వారు.

నాగరాణి కూర్చుని ప్రోగ్రాములో తాను మార్చిన వరుస దిద్దింది. ఇకనుంచి సున్నంటే సున్నే. గడి ఖాళీగా ఉంటే కాంటా కదలదు. తర్వాత తండ్రి బస్తాకు జల్లెడ పట్టించింది. ఏమీ రాలలేదు. నర్సప్ప చేతనే సున్న కొట్టించింది.

"ఎవలి బిడ్డవే నువ్వు?" అన్నాడు మహేందర్.

ఆమె మహిధర్ మట్టిని చేటలోకి ఎత్తి, నిరుడు తండ్రి వంగినచోటే, ఆ గడప ముందే కుమ్మరించింది.

"గొర్లోని బిడ్డను. ఏరుకో పటేలా."